మీకు తెలుసా? జపాన్ సైనిక ఖడ్గం గుట్టు పిడి లోపలే!

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్ సైనికులు అప్పగించిన ఖడ్గాలు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, భారత సైనికుల సామాన్లలో చేరి లోకమంతా చెల్లాచెదురయ్యాయి. ఎనభై ఏళ్లుగా అవి చేతులు మారుతూనే ఉన్నాయి. వాటిని సేకరించాలని ముచ్చటపడేవారు ముందుగా గ్రహించాల్సింది ఒకటుంది. పైకి ఒకే తీరుగా కనిపించే రెండు ఖడ్గాల్లో ఒకటి 1943లో కర్మాగారంలో తయారై ఉండవచ్చు, రెండోది నాలుగు వందల ఏళ్ల కిందట ఒక కమ్మరి కొలిమిలో పుట్టి ఉండవచ్చు. పిడిని, ఒరను చూసి ధర కట్టేవారు ఈ తేడాను పట్టుకోలేరు. అసలు సాక్ష్యం పిడి లోపల దాగి ఉంటుంది. దాన్ని చదవడం ఎలాగో, చెరపకుండా కాపాడుకోవడం ఎలాగో కొత్తగా మొదలుపెట్టేవారి కోసం ఈ విశేషాలు.

నిషేధించిన చేత్తోనే మళ్లీ కట్టించారు

1876 మార్చిలో మేజీ ప్రభుత్వం సమురాయ్‌లు బహిరంగంగా కత్తి ధరించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సైన్యానికి, పోలీసులకు మాత్రం మినహాయింపు. ఆ రోజుల్లో సైన్యం పాశ్చాత్య బాణీని అనుసరించడంతో సైనిక ఖడ్గానికి చేతివేళ్లను కప్పే లోహపు వంపు వచ్చింది. దీన్నే ఇప్పుడు క్యూ గుంతో, అంటే పాత సైనిక ఖడ్గం అంటున్నారు. 1904-05లో రష్యాతో యుద్ధానికి అధికారులు వెళ్లింది వీటితోనే. జాతీయవాదం పెచ్చుపెరిగిన 1930ల్లో సైన్యం పాత రూపాన్నే మళ్లీ కోరుకుంది. 1934లో వచ్చిన షిన్ గుంతో, కామకురా కాలపు యోధులు వాదర కిందికి ఉండేలా నడుముకు వేలాడదీసుకున్న తాచీ ఖడ్గాన్ని పోలి ఉంటుంది. మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి ఇవే.

94వ రకం అంటే 1934

సేకర్తలు 94వ రకం, 95వ రకం, 98వ రకం అంటుంటే అవి వరస సంఖ్యలని అనుకోవద్దు. జపాన్ సామ్రాజ్య శకం క్రీస్తు శకం కన్నా 660 ఏళ్లు ముందు మొదలవుతుంది. 1934 వారికి 2594. అందులో చివరి రెండంకెలే 94. నౌకాదళ ఖడ్గం 97వ రకం, అంటే 1937 నాటిది. విమానాలకూ ఇదే లెక్క. 1942 ఏప్రిల్ 6న ర్యూజో విమానవాహక నౌక నుంచి లేచి విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన నకాజిమా బాంబర్లు కూడా 97వ రకానివే. 1940 వారికి 2600 కాబట్టి ఆ ఏటి ఫైటర్ విమానానికి జీరో అని పేరొచ్చింది. అయితే ఈ సంఖ్య నమూనా ఎప్పుడు ఖరారైందో చెబుతుందే తప్ప మీ చేతిలో ఉన్న కత్తి ఏ ఏడు తయారైందో చెప్పదు.

ఒర మీది కడియాలు లెక్కపెట్టండి

పదాతిదళ అధికారి ఖడ్గంలో నమూనా తెలుసుకోవడానికి తేలిక దారి ఒరను చూడటమే. 94వ రకానికి వేలాడదీసే కడియాలు రెండు ఉంటాయి. అందులో రెండోది ఊడదీసుకునే వీలుంది. 1938 నాటి 98వ రకానికి ఒక్క కడియమే. రెండింటికీ లోహపు ఒర, చెర్రీ పూల నగిషీలు ఉంటాయి. యుద్ధరంగానికి వెళ్లినవారు చాలామంది చెక్క ఒరకు తోలు తొడుగు వేయించుకున్నారు. నౌకాదళపు 97వ రకం చూడగానే వేరుగా తెలుస్తుంది. దాని ఒర నల్లటి లక్క పూతతోనో, చేపతోలు చుట్టుతోనో ఉంటుంది. పిడికి, అలుగుకు మధ్య ఉండే అడ్డుబిళ్ల మీద సూర్యకిరణాల గీతలుంటాయి.

అధికారి కత్తి సొంత డబ్బుతోనే

జపాన్ సైన్యంలో అధికారులు తమ ఖడ్గాన్ని తామే కొనుక్కోవాలి. పదాతిదళంలో కైకోషా, నౌకాదళంలో సూయికోషా అనే అధికారుల సంఘాలు వాటిని అమ్మేవి. కొందరు చవకైన కర్మాగారపు అలుగుతో సరిపెట్టుకున్నారు. స్తోమత ఉన్నవారు పేరున్న కమ్మరి చేత చేయించుకున్నారు. మరికొందరు ఇంట్లో తరతరాలుగా వస్తున్న అలుగునే తీసి కొత్త సైనిక పిడి, ఒర బిగించుకున్నారు. అందుకే ఒకే తరహా బిగింపుల్లో మూడు రకాల అలుగులూ దొరుకుతాయి. ఈ ఒక్క సంగతే ఈ సేకరణకు ప్రాణం. పిడి కొస తొడుగు మీద చిన్న వెండి కుటుంబ చిహ్నం కనిపిస్తే మరింత శ్రద్ధగా చూడాలి. ఆ చిహ్నం ఉన్న కత్తికి గిరాకీ ఎక్కువ.

అల్యూమినియం పిడి మీద రంగు అల్లిక

జూనియర్ సిబ్బందికి కత్తి ప్రభుత్వమే ఇచ్చేది. 1935 నాటి 95వ రకం పూర్తిగా యంత్రాలతో చేసినది. తొలి దశలో కొన్నిటికి రాగి పిడి ఉండేది. తర్వాత అల్యూమినియం పోత పిడి వచ్చింది. అధికారి పిడికి ఉండే తాడు అల్లికను ఆ లోహంలోనే పోతపోసి రంగు వేశారు. యుద్ధం చివర్లో లోహం కరువై చెక్క పిడి మీద గళ్లు చెక్కి సరిపెట్టారు. దీని అలుగుకు రెండు పక్కలా పొడవాటి గాడి ఉంటుంది. అడ్డుబిళ్లకు కాస్త ముందు వరస సంఖ్య కొట్టి ఉంటుంది. ఒర మూతి దగ్గరా అదే సంఖ్య ఉంటే కత్తి, ఒర మొదటినుంచీ జతేనని అర్థం. జత కలిసిన కత్తికి విలువ ఎక్కువ. ఇందులో పిడిని పట్టి ఉంచేది వెదురు మేకు కాదు, మర. దాన్ని విప్పాల్సిన పని లేదు. చదవాల్సిన ముద్రలు బయటే ఉంటాయి.

కుచ్చు రంగులో హోదా

పిడికి కట్టే కుచ్చును చాలామంది అలంకారమనుకుని పారేస్తారు. అది యజమాని హోదాను చెప్పే గుర్తు. పదాతిదళంలో లెఫ్టినెంటు నుంచి కెప్టెన్ దాకా గోధుమ, నీలం రంగులు. మేజరు నుంచి కల్నల్ దాకా గోధుమ, ఎరుపు. జనరల్‌కు ఎరుపుతో పాటు బంగారు రంగు. జనరల్ కుచ్చు అసలుది అరుదు కాబట్టి నకిలీలూ ఎక్కువే. పైగా కుచ్చు ఊడదీసి మరో కత్తికి కట్టడం క్షణంలో పని. కుచ్చు ఉంటే సంతోషించండి. దాన్ని మాత్రమే నమ్మి ధర పెంచకండి.

పిడి ఊడదీయడానికి ఒక పద్ధతుంది

అధికారి ఖడ్గంలో అలుగు మొదలు పిడిలోకి దిగి ఉంటుంది. ఆ దిగిన భాగమే నకాగో. దాన్ని పట్టి ఉంచేది మెకుగి అనే చిన్న వెదురు మేకు. కొన్ని సైనిక ఖడ్గాల్లో రెండుంటాయి. మేకు ఒక కొస సన్నగా, ఇంకో కొస లావుగా ఉంటుంది. సన్నటి కొస వైపు నుంచి చెక్క పుల్లతో నెమ్మదిగా తట్టి బయటికి తీయాలి. తర్వాత వాదర మీకు దూరంగా ఉండేలా ఖడ్గాన్ని నిటారుగా పట్టుకుని, పిడి పట్టిన మణికట్టు మీద రెండో పిడికిలితో తడితే అలుగు వదులవుతుంది. ఊడిన బిళ్లలను అదే వరసలో పేర్చి పెట్టుకోండి. ఎనభై ఏళ్లుగా కదలని పిడి ఒక్కోసారి ఎంతకీ రాదు. అప్పుడు సుత్తితోనో పట్టకారుతోనో బలవంతం చేయకుండా తెలిసినవారి దగ్గరికి తీసుకెళ్లండి. కత్తి మీది కాకపోతే యజమాని అనుమతి లేకుండా మేకును ముట్టుకోవద్దు.

ఆ తుప్పును తుడవకండి

కొత్తగా సేకరించేవారు ప్రేమతో చేసే పెద్ద అపచారం నకాగోను ఉప్పుకాగితంతో రుద్ది తళతళలాడించడం. నకాగో మీది తుప్పును జపాన్ కమ్మరులు కావాలనే వదిలేస్తారు. పదేళ్ల తుప్పు రంగు వేరు, వందేళ్లది వేరు, అయిదు వందల ఏళ్లది వేరు. బాగా పాతది నల్లటి గోధుమ రంగుకు తిరిగి, వేలికి నునుపుగా తగులుతుంది. యుద్ధకాలపు నకాగో మీద ఇనుము బూడిద రంగు ఇంకా కనిపిస్తుంటుంది. కమ్మరి ఆకురాయితో గీసిన గీతలు కూడా అక్కడే ఉంటాయి. వాటి వాలు, అమరిక బట్టి ఏ సంప్రదాయానిదో నిపుణులు చెప్పగలరు. ఒక్కసారి రుద్దితే వయసుకు ఉన్న ఈ సాక్ష్యం పోతుంది, దాంతో పాటు విలువలో చాలా భాగం పోతుంది. దాన్ని తిరిగి తెచ్చే ఉపాయం ఎవరి దగ్గరా లేదు.

తేదీకి 1925 కలపండి

నకాగో మీద సాధారణంగా ఒక పక్క కమ్మరి సంతకం, రెండో పక్క తేదీ చెక్కి ఉంటాయి. యుద్ధకాలపు తేదీ షోవా అనే శకం పేరును తెలిపే రెండక్షరాలతో మొదలవుతుంది. తర్వాతి అంకెకు 1925 కలిపితే మన సంవత్సరం వస్తుంది. షోవా 16 అంటే 1941, షోవా 19 అంటే 1944. జపనీస్ అంకెలు పది నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. అక్షరాలు చదవలేకపోతే పక్క నుంచి వెలుగు పడేలా ఫొటో తీసి తెలిసినవారికి చూపించండి. కొన్ని నకాగోల మీద ఎర్ర లేదా తెల్ల రంగుతో రాసిన అంకెలు కనిపిస్తాయి. బిగింపు సమయంలో ముక్కలు కలిసిపోకుండా పనివారు రాసుకున్న గుర్తులవి. వాటినీ చెరపకూడదు.

చిన్న ముద్ర, పెద్ద కబురు

నకాగో మీద షోవా ముద్రో, సెకి ఊరి ముద్రో ఉంటే ఆ అలుగు సంప్రదాయ పద్ధతిలో చేసినది కాదని అర్థం. వీటిని షోవాతో అంటారు. గిఫు ప్రాంతంలోని సెకి శతాబ్దాలుగా కత్తుల ఊరు. యుద్ధకాలంలో అక్కడ మిల్లు ఉక్కుతో చేసి, నీళ్లలో కాక నూనెలో ముంచి చల్లార్చిన అలుగులు పెద్ద ఎత్తున తయారయ్యాయి. ముద్ర ఉందని నిరాశ పడనక్కర్లేదు. షోవాతోలూ అసలైన యుద్ధకాలపు వస్తువులే, వాటికీ సేకర్తలున్నారు. అయితే వాటిని సమురాయ్ ఖడ్గం ధరకు కొనకూడదు. వలయంలో లంగరు ముద్ర ఉంటే అది టొయొకావా నౌకాదళ ఆయుధ కర్మాగారానిది. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా నౌకాదళం స్టెయిన్‌లెస్ అలుగులు కూడా వాడింది.

నక్షత్రం కనిపిస్తే ఆగి చూడండి

సంతకానికి పైన చిన్న నక్షత్రం ముద్ర ఉంటే మీ అదృష్టం. పదాతిదళం గుర్తించిన కమ్మరులకు సంప్రదాయ ఉక్కు, బొగ్గు సరఫరా చేసి పాత పద్ధతిలో చేయించిన అలుగులకు ఆ ముద్ర వేసేవారు. ఇలా ఇరవయ్యో శతాబ్దంలో సంప్రదాయబద్ధంగా చేసిన వాటిని గెందైతో అంటారు. రూపంలో షోవాతోకు, గెందైతోకు పెద్ద తేడా ఉండదు. ధరలో మాత్రం రెండు మూడింతలు, పేరున్న కమ్మరిదైతే ఇంకా ఎక్కువ తేడా ఉంటుంది.

యాసుకుని కొలిమి

1933లో టోక్యోలోని యాసుకుని ఆలయ ప్రాంగణంలో సైన్యం అండతో ఒక కొలిమి వెలిసింది. 1945 దాకా నడిచిన ఆ కొలిమిలో సుమారు 8,100 ఖడ్గాలు తయారయ్యాయి. అక్కడి కమ్మరుల పేర్లన్నీ యాసు అనే అక్షరంతోనే మొదలవుతాయి. వీటికి కావలసిన తమహగానె ఉక్కు కోసం షిమానె కొండల్లో ఇనుప ఇసుకను బొగ్గుతో కరిగించే పాతకాలపు మట్టి కొలిమిని తిరిగి వెలిగించారు. యుద్ధంతో పాటు అదీ ఆరిపోయింది. ఖడ్గకళ అంతరించకూడదని 1977లో ఓకుయిజుమోలో మళ్లీ మొదలుపెట్టారు. నేటి జపాన్ కమ్మరులకు ఉక్కు అందుతున్నది అక్కడి నుంచే.

రైలు కంపెనీ చేసిన కత్తి

దక్షిణ మంచూరియా రైల్వే కంపెనీ తన డైరెన్ వర్క్‌షాపులో మంచూరియా ఇనుముతో ఖడ్గాలు చేయించింది. కోఆ ఇష్షిన్ అనే నినాదం చెక్కిన ఈ మాంతెత్సు ఖడ్గాలకు సేకర్తల్లో ప్రత్యేక ఆదరణ ఉంది. వీటి తేదీ చెక్కడంలో ఒక వింత కనిపిస్తుంది. చాలావాటి మీద అంకె ఉండదు, తూర్పు ఆసియా అరవై ఏళ్ల చక్రంలోని సంవత్సరం పేరు, పక్కనే వసంతం అన్న మాట ఉంటాయి. మన ప్రభవాది సంవత్సరాల మాదిరిగానే ఆ చక్రం కూడా అరవైకి ఒకసారి తిరిగి వస్తుంది కాబట్టి తెలుగువారికి ఈ పద్ధతి ఇట్టే అర్థమవుతుంది.

వాదర వెంట తెల్లని చార

అలుగును దీపం కిందికి వాల్చి చూస్తే వాదర పొడవునా మసక తెలుపు చార కనిపిస్తుంది. దాన్ని హామోన్ అంటారు. కమ్మరి అలుగుకు మట్టి పూస్తాడు. వీపు మీద మందంగా, వాదర దగ్గర పలచగా. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే పలచటి చోట ఉక్కు చప్పున చల్లారి గట్టిపడుతుంది, మందంగా ఉన్న చోట మెత్తగా నిలుస్తుంది. ఆ రెంటి సరిహద్దే ఈ చార. నిజమైన హామోన్‌లో భూతద్దం కింద మెరిసే సన్నని రేణువులు, పాయలు కనిపిస్తాయి. నకిలీలో ఆసిడ్‌తో కొరికించినదో, రుద్ది తెల్లగా చేసినదో అయిన బోసి గీత ఉంటుంది. ఏ కోణంలో వాల్చినా దాని రూపం మారదు.

ఉక్కు మీది నార

తమహగానెను మడిచి మడిచి సాగగొట్టడం వల్ల సంప్రదాయ అలుగు మీద చెక్క నారను గుర్తుచేసే సన్నని తీరు ఏర్పడుతుంది. అది హాదా. మంచి సాన పట్టిన అలుగు మీద కూడా కష్టపడి వెతికితేనే కనిపించేంత సున్నితంగా ఉంటుంది. దూరం నుంచే నలుపు తెలుపు అలలు కొట్టొచ్చినట్టు కనిపిస్తే అనుమానించండి. తెలంగాణలోని కోనసముద్రం వంటి చోట్ల పుట్టి పర్షియా దాకా వెళ్లిన ఉక్కులో కనిపించే అలలు వేరే సంగతి. మూసలో కరిగించిన ఉక్కు నెమ్మదిగా చల్లారేటప్పుడు లోపల స్ఫటికాలు పేరుకోవడం వల్ల వచ్చినవి అవి. ఇవాళ చవకగా అమ్మే జపాన్ తరహా కత్తుల మీది ముదురు అలలు ఈ రెంటికీ చెందవు.

సంతకం ఉంటే చాలదు

పేరున్న కమ్మరి సంతకాన్ని ఇతరుల అలుగు మీద చెక్కడం జపాన్‌లో శతాబ్దాల నాటి జాడ్యం. దొంగ సంతకాన్ని గిమెయి అంటారు. పేరు ఎంత పెద్దదైతే అనుమానం అంత పెద్దగా ఉండాలి. సంతకం లేని మంచి అలుగుకు దొంగ సంతకమున్న అలుగు కన్నా గౌరవం ఎక్కువ. ఎక్కువ ధర పెట్టేటప్పుడు సంతకాన్ని పక్కనపెట్టి ముందు అలుగు నాణ్యతను చూడాలి. టోక్యోలోని జపాన్ కళాఖడ్గ పరిరక్షణ సంస్థ 1948 నుంచి పనిచేస్తోంది. అది ఇచ్చే ధ్రువపత్రాల్లో హోజోన్ మొదటి మెట్టు, తోకుబెత్సు హోజోన్ రెండోది. షోవాతోలకు ఆ పత్రాలు ఇవ్వరు.

వెంట్రుకంత పగులు

వాదర నుంచి పైకి, అలుగుకు అడ్డంగా వెళ్లే సన్నని పగులును హగిరె అంటారు. దెబ్బ తగిలితే కత్తి అక్కడ విరుగుతుంది కాబట్టి ఖడ్గానికి అది ప్రాణాంతక లోపం. మిగతావి బాగున్నా విలువ పడిపోతుంది. కొనేముందు వాదరంతా పక్క వెలుగులో, భూతద్దంతో చూసుకోవాలి. చిన్న నొక్కులు, పైపై తుప్పు అంత భయపెట్టేవి కావు. నిపుణుడు సాన పడితే పోతాయి. అయితే శిక్షణ పొందిన తొగిషి, అంటే సాన పట్టే నిపుణుడి చేత సాన పట్టించడానికి అంగుళం లెక్కన వసూలు చేస్తారు. చాలా షోవాతోల విషయంలో ఆ ఖర్చు కత్తి ధరనే మించిపోతుంది. మామూలు సానరాయి చక్రం దగ్గరికి మాత్రం ఎప్పుడూ తీసుకెళ్లకండి. కోణాలు, చార, నార అన్నీ అక్కడే అరిగిపోతాయి.

నకిలీ ఎక్కడ దొరికిపోతుంది?

చేత్తో చుట్టిన అసలు పిడి మీద తాడు ముడులు ఒకసారి ఎడమది పైకి, తర్వాత కుడిది పైకి వచ్చేలా వరస మారుతూ ఉంటాయి. నకిలీల్లో అన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. తాడు కింద గరుకు బుడిపెల రే చేపతోలు ఉండాల్సిన చోట ప్లాస్టిక్ కనిపిస్తుంది. అసలు ఖడ్గంలో అడ్డుబిళ్ల, దాని పక్కనుండే పలచటి బిళ్లల మీద ఒకే జత సంఖ్య కొట్టి ఉండటం మామూలు. ముక్కలన్నీ ఒకదానికొకటి బిగువుగా కూర్చుంటాయి. పోత నగిషీ మొద్దుగా ఉన్నా, ఇత్తడి కొత్తగా మెరుస్తున్నా, 95వ రకం పిడి అల్యూమినియం కాక బరువైన ఇత్తడిదైనా, నకాగో మీద నారింజ రంగు తుప్పు పొడి రాలుతున్నా వెనక్కి ఇచ్చేయండి. మంచి అలవాటు ఒకటే: నకిలీల గురించి చదవడం కన్నా అసలువి ఎక్కువగా చూడటం. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని జపాన్ విభాగం అలాంటి తొలి పాఠానికి పనికొస్తుంది.

ఓడిన సేనాని కత్తి ఎక్కడికి పోయింది?

బర్మాలో బ్రిటిష్ 14వ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్, జపాన్ అధికారులు తమ ఖడ్గాలను తమ సైనికుల ఎదుటే స్వయంగా అప్పగించాలని పట్టుబట్టాడు. స్లిమ్ సైన్యంలో అత్యధికులు భారతీయులే. బర్మాలోని జపాన్ సేనాని జనరల్ కిమురా ఖడ్గం చివరికి స్లిమ్ ఇంటి నిప్పుగూటి పైన అలంకారమైంది. జపాన్ ఫీల్డ్ మార్షల్ తెరావుచి 1945 నవంబరు 30న సైగాన్‌లో మౌంట్‌బాటన్‌కు రెండు ఖడ్గాలు అప్పగించాడు. అందులో ఒకటి ఆరో జార్జి రాజుకు చేరింది. మామూలు అధికారుల కత్తులకు పేరు, ఊరు సిరాతో రాసిన గుడ్డ పీలికో చెక్క ముక్కో కట్టి ఉండేది. అలాంటి చీటీ మీ కత్తికి ఇంకా ఉంటే విప్పకండి. సైనికుడికి ఆనాడు ఇచ్చిన అనుమతి పత్రం, ఫొటో, ఉత్తరం ఉన్నా కత్తితోనే ఉంచండి. కాగితం లేని కథకు ధర కట్టవద్దు.

దొరికినది, దొరకనిది

జపాన్ ఖడ్గాలలో మకుటం అనదగ్గ హొంజో మసమునెను 1945 డిసెంబరులో దాని యజమాని తోకుగావా ఇయెమాసా టోక్యోలోని మెజిరో పోలీసు స్టేషనులో అప్పగించాడు. తర్వాత అది ఎటు పోయిందో ఈనాటికీ తేలలేదు. కాగొషిమాలోని తెరుకుని ఆలయానికి చెందిన కునిమునె ఖడ్గం కూడా అలాగే మాయమైంది. అమెరికా సేకర్త డాక్టర్ వాల్టర్ కాంప్టన్‌కు అది అట్లాంటాలోని ఒక పాత వస్తువుల దుకాణంలో కనిపించింది. ఆయన దాన్ని పైసా తీసుకోకుండా 1960ల్లో ఆలయానికి తిరిగి ఇచ్చాడు. సేకర్త గుణం అంటే ఇదే. మరోవైపు టోక్యోలోని అకాబానెలో ఉన్న అమెరికా సైనిక డిపోలో పోగుపడిన కత్తుల గుట్టల నుంచి కళావిలువ ఉన్న సుమారు 5,500 ఖడ్గాలను వేరుచేసి కాపాడారు.

పుట్టిన దేశంలోనే చోటు లేదు

జపాన్‌లో ఖడ్గం ఉంచుకోవాలంటే రిజిస్ట్రేషన్ పత్రం తప్పనిసరి. కళావస్తువులుగా నిలిచే సంప్రదాయ ఖడ్గాలకే అది దక్కుతుంది. 95వ రకానికి, షోవాతోకు దొరకదు. బహుమతిగా ఇద్దామని అలాంటి కత్తిని జపాన్ తీసుకెళితే స్వాధీనం చేసుకుని నాశనం చేసే ప్రమాదం ఉంది. బ్రిటన్‌లో 2008 నుంచి 50 సెంటీమీటర్లు దాటిన వంపు కత్తుల అమ్మకం, దిగుమతి మీద నిషేధం ఉన్నా 1954కు ముందువాటికి, సంప్రదాయ పద్ధతిలో చేసినవాటికి మినహాయింపు ఉంది. అక్కడి తెలుగువారు వయసు రుజువులు దగ్గర ఉంచుకోవాలి.

మన దేశంలో చట్టం

1959 ఆయుధ చట్టం పరిధిలోకి ఖడ్గాలూ వస్తాయి. నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి. విదేశం నుంచి తెప్పించుకోవాలంటే ఆయుధ దిగుమతి నిబంధనలు వర్తిస్తాయి. కొనకముందే జిల్లా అధికారులను, కస్టమ్స్‌ను అడిగి తెలుసుకోండి. 1972 నాటి పురావస్తు చట్టం వందేళ్లు దాటిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకుండా ఆపుతుంది. పిడి 1940 నాటిదైనా లోపల 1650 నాటి అలుగు ఉంటే ఈ చట్టాన్ని గుర్తుంచుకోవాలి.

ఉక్కుకు అంటిన చరిత్ర

1943 అక్టోబరు 24న న్యూగినీలోని ఐతాపె తీరంలో ఆస్ట్రేలియా సార్జెంట్ లెనార్డ్ సిఫ్లీట్‌ను జపాన్ అధికారి సైనిక ఖడ్గంతో శిరచ్ఛేదం చేస్తున్నప్పటి ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆసియా అంతటా ఖైదీలు, పౌరులు ఇలాంటి కత్తులకు బలయ్యారు. కత్తిని దాచుకునేవారు ఈ సత్యాన్ని కూడా దాని పక్కనే ఉంచాలి. పనితనాన్ని మెచ్చుకోవడమూ ఆ యుద్ధాన్ని కీర్తించడమూ ఒకటి కాదు. ఈ కత్తితో ఇందరి తలలు తెగాయని చెప్పి ధర పెంచేవారి దగ్గర కొనకండి. ఆ వ్యాపారం చనిపోయినవారికి అవమానం.

విలువ మెట్లు

కింది మెట్టు మీద 95వ రకం ఉంటుంది. వరస సంఖ్యలు కలిసి, రంగు నిలిచి ఉంటే దానికీ మంచి ధరే. ఆ పైన ముద్ర ఉన్న షోవాతో అధికారి ఖడ్గం. ఇంకా పైన మాంతెత్సు, నక్షత్రపు ముద్ర గెందైతో, యాసుకుని ఖడ్గాలు. అన్నిటికన్నా పైన సైనిక పిడిలో దాగిన మంచి పాత అలుగు. ప్రతి మెట్టులోనూ ధరను నిర్ణయించేవి నాలుగు: అలుగు స్థితి, బిగింపులన్నీ అసలువేనా అన్నది, నకాగో చెప్పే వివరం, వెంట వచ్చే కాగితాలు. అమ్మేవారు అడిగే ధరల కన్నా వేలంపాటలో నిజంగా అమ్ముడైన ధరలను నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోతే కొన్ని నెలల్లో అంచనా కుదురుతుంది.

వేలు తగలనివ్వకండి

చేతి చెమట అలుగు మీద రోజుల్లోనే మచ్చ పెడుతుంది. అలుగును వీపు వైపు నుంచి శుభ్రమైన మెత్తటి గుడ్డతో పట్టుకుని, మొదలు నుంచి మొన వైపే తుడవాలి. తర్వాత ఖడ్గాలకు వాడే చోజి నూనెను పలచగా రాయాలి. తడి తెలియనంత పలచగా చాలు. ఇత్తడి పాలిష్, ఇసుక కాగితం, రసాయనాలు వద్దు. విశాఖ, కాకినాడ వంటి సముద్ర తీరపు ఊళ్లలో ఉండేవారు వానాకాలంలో నెలకోసారి చూసుకోవాలి. తోలు తొడుగు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి కత్తిని గాలి ఆడే పొడి చోట ఉంచండి.

కొనేముందు అయిదు నిమిషాలు

ముందు మొత్తం రూపం చూసి నమూనా తేల్చుకోండి. ఒర కడియాలు, తాడు ముడులు, బిళ్లల మీది సంఖ్యలు చూడండి. అలుగును మొన నుంచి మొదలు దాకా వెలుగులో వాల్చి చార కోసం, పగుళ్ల కోసం వెతకండి. మొన నుంచి వీపు మీది నొక్కు దాకా తిన్నగా కొలవండి. చాలా అధికారి ఖడ్గాలు 60 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య ఉంటాయి. ఆ తర్వాత నకాగో చూపమని, వీలుకాకపోతే రెండు పక్కలా స్పష్టమైన ఫొటోలు ఇమ్మని మర్యాదగా అడగండి. అక్కడి అక్షరాలు, ముద్రలు, తుప్పు రంగు చదివాకే ధర గురించి మాట్లాడండి. అమ్మేవారు కారణం చెప్పకుండా నకాగో చూపనంటే ఆ అధికారి ఖడ్గానికి షోవాతో ధర మించి ఒక్క రూపాయి కూడా పెట్టకండి.